పదో తొన

పందొమ్మిదేళ్ళలో ఆయన నన్ను ఒక్కసారి కూడా కొత్తకు పిలవలేదు. మనిషి పోయిన తరవాత ఈ మాట రాయడం బాగుండదని మా ఆవిడ అంది. బతికుండగా ఆయన మొహం మీదే అనబోయి చాలాసార్లు ఊరుకున్నాను. ఇప్పుడూ ఊరుకుంటే ఇక ఎప్పటికీ అనను కాబట్టి రాస్తున్నాను.

మా అరకు కొండల్లో కొత్తగా వచ్చిన పంటను ఎవరూ ముందే నోట పెట్టరు. మామిడికైనా చిక్కుడుకైనా సామలకైనా ఒక రోజుంటుంది. ఆ రోజు దేవుడికీ పోయిన పెద్దలకూ పెట్టి, ఆ తరవాత ఇంటిల్లిపాదీ తింటారు. దాన్ని కొత్త అంటారు. అంతవరకూ కొమ్మలు విరిగేలా కాసినా ఆ చెట్టు వంక చూడనట్టే తిరుగుతారు. కమలాపళ్ళకు మాత్రం ఏ ఊళ్ళోనూ కొత్త లేదు. ఈ ఒక్క ఇంట్లోనే ఉంది. ఆయన పెట్టుకున్నాడు.

"కమలాకి కొత్తేటి? దొరలు తెచ్చిన పండు, మన పంటేటి?" అని వాళ్ళ ఊరి పెద్దలు నవ్వేవారట.

"మన మట్టి తిన్నాక మన పంట కాదేటి?" అనేవాడట ఆయన.

ఆయన పోయిన కబురు నాకు శుక్రవారం సంతలో తెలిసింది. టీ కొట్టతను గ్లాసు నా ముందు పెట్టి, "మొక్కల బాబూ, మీ ముసిలాయన పోనాడు, ఎరుగుదువా?" అన్నాడు. ఆయన నా ముసలాయన ఎప్పుడయ్యాడో నాకు తెలియదు. ఇక 'మొక్కల బాబు' అన్నది నా పూర్తి పేరు కాదు. పూర్తి పేరు 'సచ్చిన మొక్కల బాబు'. చావు కబురు చెబుతున్నాడు కాబట్టి టీ కొట్టతను మొదటి మాట మింగేశాడు. ఆ పేరు తెచ్చిపెట్టింది పోయినాయనే.

నాది పార్వతీపురం దగ్గర పల్లె. పళ్ళతోటలు వేయించే చిన్న ఉద్యోగం మీద లోయకు వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాను. ఆయన తోటకు మొదటిసారి వెళ్ళింది ఒక చలికాలం మొదట్లో. పడమటి కొండ వాలు మీద రాతి గోడ, గోడకో వెదురు తడిక, లోపల ముప్ఫై నలభై కమలా చెట్లు. వాళ్ళ అయ్య ఏదో బంగళాలో తోటపని చేస్తూ, దొరలు తిని ఉమ్మిన గింజలు ఏరుకొచ్చి నాటిన తోపు అది. కాయలు అప్పుడే పచ్చ విరిగి రంగు తిరుగుతున్నాయి. నేను చేతికందిన కాయ కోసి, ఒలిచి, రెండు తొనలు నోట్లో వేసుకున్నాను. రుచి చూడటం నా ఉద్యోగంలో భాగం అనుకున్నాను.

చెట్ల కింద ఆకులు ఊడుస్తున్న ఆయన భార్య చీపురు వదిలేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన నా దగ్గరకొచ్చాడు. పొట్టి మనిషి. మోకాళ్ళ దాకా పంచె, ఎవరో హోంగార్డు ఇచ్చిన ఖాకీ చొక్కా, చెవి సందులో ఆరిన చుట్ట. నా చేతిలో మిగిలిన పండు వంక కాసేపు చూశాడు.

"ఎలాగున్నాది?"

"పులుపు తగ్గాలి," అన్నాను.

"తగ్గుద్ది. దానికో రోజున్నాది. ఆ రోజుకి తగ్గుద్ది."

అంతే. తిట్టలేదు, మొహం చిట్లించలేదు. కొత్త కాకముందే పండు ముట్టుకున్నానని సాయంత్రం మా ఆఫీసు ప్యూను చెబితే తెలిసింది. సిగ్గుపడ్డాను. కాని తెలియక చేసిన తప్పుకు పందొమ్మిదేళ్ళ శిక్ష ఉంటుందా? ఆ ప్రశ్న మాత్రం నా దగ్గర అలాగే ఉండిపోయింది.

తరవాతి వానలకు ముందు ఆయనకు ఇరవై అంటుమొక్కలు ఇప్పించాను. గుంటలు ఇద్దరం కలిసి తవ్వాం. నేను చొక్కా విప్పి గునపం పట్టుకున్న సంగతి ఎవరూ చెప్పుకోరు. మొక్క చుట్టూ మా పల్లెల్లో కట్టినట్టే గుండ్రంగా పాదులు కట్టించాను. ఆయన రాయి మీద గొంతుక్కూర్చుని చూస్తూ, "బాబూ, ఈ కొండ మీద నీరు నడిసీ నీరు. దాన్ని కూకోబెట్టకు. కూకుంటే కుల్లిపోద్ది," అన్నాడు.

"పాదు లేకపోతే మొక్క తాగడమెలాగయ్యా?"

"నడిసీ నీటినే తాగుద్ది. నువ్వు తాగనేదేటి గెడ్డలో? పారీ గెడ్డని ఆపి తాగినావేటి?"

నేను నవ్వాను. రెండో వానాకాలం నడిమికి ఇరవై మొక్కలూ మొదళ్ళలో బంక కారి, ఆకులు పసుపెక్కి, నిలువునా ఎండాయి. పాదుల్లో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళాయి. తప్పు పాదులదేనని నేనే ఆఫీసుకు రాసి పంపాను. ఆ సంగతి కూడా ఎవరూ చెప్పుకోరు. ఎందుకంటే ఆయన కాగితాల దాకా ఆగలేదు.

ఇరవై మొక్కల్నీ వేళ్ళతో పీకి, కావిడి కట్టి, మూడు గంటలు నడిచి శుక్రవారం సంతకు తెచ్చాడు. నేను ఇద్దరు తోటి ఉద్యోగులతో టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఆయన కావిడి దించి, నా కాళ్ళ దగ్గర ఒక్కొక్క మొక్కే వరసగా పడుకోబెట్టాడు.

"ఇవేంటి?"

"నీయే బాబూ. ఇరవై ఇచ్చినావు, ఇరవై తెచ్చినాను. ఎంచుకో."

"ఇక్కడికెందుకు తెచ్చావు?"

"సచ్చినోల్ని అయినోల్లకి అప్పజెప్పాలి కదేటి."

పసుపు అమ్మే ఆడవాళ్ళు, కోళ్ళు అమ్మే వాళ్ళు, చీపుర్లు కట్టే వాళ్ళు అందరూ నవ్వారు. మా తోటి ఉద్యోగులు అందరికంటే ముందు నవ్వారు. సాయంత్రానికి నా పేరు తయారైంది. బస్సు కండక్టరు నన్ను చూసి, "సచ్చిన మొక్కల బాబుకి సోటియ్యండ్రా," అని కేకేశాడు. ఆ కండక్టరు ఆ తరవాత ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయాడు. పేరు ఇక్కడే ఉండిపోయింది.

ఇంకో పక్షపాతం కూడా చెప్పాలి. ఆయన తోటలో చెట్టేదైనా ఎండితే చచ్చిపోయింది అనేవాడు కాదు. "అదిగో ఆ మూల సెట్టు ఎల్లిపోనాది," అనేవాడు, ఎవరో బంధువు బస్సెక్కి వెళ్ళినట్టు. ఆయన చెట్లు వెళ్ళిపోతాయి. నా మొక్కలు చచ్చిపోతాయి.

ఇన్ని జరిగినా నెలకు రెండుసార్లయినా ఆ కొండ ఎక్కేవాణ్ణి. ఎందుకెక్కేవాణ్ణని మా ఆవిడ అడిగేది. ఉద్యోగం అనేవాణ్ణి. నిజానికి ఆయన పండు ఒలవడం చూడటానికి. కమలాపండు తొడిమను గోటితో గిల్లి తీస్తే, దాని కింద చిన్న చుక్కలు గుండ్రంగా కనిపిస్తాయి. ఎన్ని చుక్కలో లోపల అన్ని తొనలు. పళ్ళతోటల పని చేసే నాకు ఈ సంగతి తెలియదు. ఆయన చూపించాడు. సంతలో పండు ఒలవకుండానే, "దీన్లో పదకొండు," అనేవాడు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు పందెం కట్టి ఓడిపోయేవారు. ఒలిచిన తొక్క ఎక్కడా తెగకుండా పొడుగ్గా వచ్చేది. దాన్ని పారేయకుండా చొక్కా జేబులో దోపుకునేవాడు. అందుకే ఆయన ఎదురుగా నిలబడితే చుట్ట కంపూ కమలా వాసనా కలిసి కొట్టేది. అలాంటి వాసన నాకు ఇంకెక్కడా తగల్లేదు.

కొన్నేళ్ళకు లోయలో కమలా చెట్లకు కొమ్మల చివర్ల నుంచి ఎండు తెగులు రావడం మొదలైంది. ఒక్కో ఊళ్ళో తోపులు కొట్టేసి కాఫీ, మిరియం వేశారు. ఆయన తోటలోనూ ఒక్కొక్కటే 'వెళ్ళిపోయి' చివరికి ఏడు మిగిలాయి. అవీ ముసలివే. తీసేసి కాఫీ వెయ్యమని చెప్పడం నా ధర్మం కాబట్టి చెప్పాను.

"నాను ముసిలోన్నయిపోనానని మా కోడలు నన్ను పీకీసి ఇంకో మావని పాతుకుంటాదేటి?" అన్నాడు.

వెనక గంజి వారుస్తున్న పెద్దకోడలు తలెత్తకుండానే, "అలగైతే సెప్పు బాబూ, మంచి అంటు మావ దొరికితే సూద్దుం," అంది. ముసలాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో నాకు బాగా నచ్చిన రోజుల్లో అదొకటి. అయినా ఆ రోజు కూడా నన్ను కూర్చోమనలేదు.

అది ఇంకో సంగతి. ఆ ఇంట్లో నన్నెవరూ కూర్చోమనేవారు కాదు. ఒకసారి మా పై ఆఫీసరు మిగిలిన ఆ ఏడు చెట్లూ చూస్తానంటే తీసుకెళ్ళాను. ఆఫీసరును చూడగానే నులక మంచం వాల్చారు, దాని మీద దుప్పటి పరిచారు. "రండి బాబూ, కూకోండి బాబూ," అని ఆయన రెండు చేతులూ జోడించాడు. నేను పక్కన నిలబడే ఉన్నాను. ఆయన నా వైపు తిరిగి, "అలగ సూత్తావేటి? లోనకెల్లి నీలు తే," అన్నాడు.

నా ఆఫీసరు ముందు. నేను వెళ్ళి, చీకటి వంటింట్లో చెంబు వెతుక్కుని, నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

ఆఫీసరు చెట్లు చూసి ముచ్చటపడి, ఈ వాలులో ఇంత కాలం ఎలా కాపాడావని అడిగాడు. "ఈ బాబు దయే," అన్నాడు ముసలాయన నన్ను చూపించి. నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. "ఏటి సెయ్యకూడదో ఇరవై మొక్కల మీద సేసి సూపించినాడు."

ఆఫీసరు తిరుగుదారిలో జీపులో నవ్వుతూనే ఉన్నాడు.

ఇక కొత్త. గోడవారి ముసలి చెట్టు తూర్పు కొమ్మ కాయలు పూర్తిగా రంగెక్కిన తరవాత వచ్చే మొదటి లక్ష్మివారం ఆయన కొత్త చేసేవాడు. రోజు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కింద దారిలోంచి చూస్తే కొమ్మ కనిపిస్తుంది. ఆ లక్ష్మివారం నాకు సరిగ్గా ఆ కొండ మీదే ఏదో పని పడేది. పిలవని ఇంటికి తిండి వేళకు వెళ్ళేవాణ్ణి కాదు నేను. మా ఇంటా వంటా లేదు. అందుకని గోడ వెంబడి కాలిబాటలో మెల్లిగా నడిచేవాణ్ణి. గోడ పక్క ఒకసారి దగ్గేవాణ్ణి.

లోపల ఆయన ఒక్కొక్క పండే తీసుకుని తొడిమ గిల్లి, చుక్కలు ఎంచి, కాదని పక్కన పెడుతుండేవాడు. ఇంకొకటి, ఇంకొకటి. నా దగ్గు విని తలెత్తేవాడు.

"ఏటి బాబూ, ఇటొచ్చినావు?"

"పనుండి."

"అలాగా," అనేవాడు. కాసేపు నన్నే చూసేవాడు. నేనూ చూసేవాణ్ణి. ఆయన మళ్ళీ పళ్ళ మీదకు వంగేవాడు. నేను కొండ మీదకు వెళ్ళి, లేని పని చూసుకుని, ఇంకో దారిన దిగేవాణ్ణి.

ఒక ఏడు ఆ సమయానికి తడిక బార్లా తీసి ఉండటం నా కంట పడింది. అప్పుడు నేను చేసిన పని, మంచి మనసుతో చేసిందే, చెప్పాలి.

"తడిక తీసేశారు, మేకలు పడతాయి," అన్నాను.

"మేకల కోసం కాదులే," అన్నాడు.

ఇంట్లో అందరూ పళ్ళ చుట్టూ కూర్చున్నారు, లేచి వచ్చేలా లేరు. సరే, వీళ్ళ తోట నేను కాకపోతే ఎవరు చూస్తారని తడిక మూసి, తాడు కూడా బిగించి కట్టి వెళ్ళిపోయాను. మలుపు దగ్గర వెనక్కి చూస్తే ముసలాయన చేతిలో పండుతో లేచి నిలబడి ఉన్నాడు. థాంక్స్ చెప్పడానికి లేచాడనుకున్నాను. చెప్పలేదు. అదీ గుర్తుపెట్టుకున్నాను.

చావుకు మాత్రం మా వైపు పిలుపు ఉండదు. తెలిసినవాడల్లా వెళ్తాడు. అందుకే టీ కొట్టు నుంచి నేరుగా కొండెక్కాను. దినాలు అయిపోయాయి. ఆయన భార్య, ముసలావిడ, గోడకు చేరబడి ఉంది. ఖాకీ చొక్కా దండెం మీద ఉంది, జేబులో ఎండిన తొక్క కొస బయటికి కనిపిస్తూ. పెద్దకోడలు రాగులు చెరుగుతోంది. నేను కాసేపు నిలబడి, చెప్పాల్సిన నాలుగు మంచి మాటలు చెప్పాను. అయిదో మాట కూడా నోరు జారింది.

"అంతా బాగానే ఉందమ్మా. కాని ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారి కొత్తకు పిలిచాడు కాడు మీ మావ."

చేట ఆగింది. "పిలవడమేటి బాబూ?"

"రమ్మనడం. అందరినీ పిలిచినట్టు."

"ఎవుల్ని పిలిసినాడు మావయ్య? నన్ను పిలిసినాడేటి? మా పిల్ల గుంటల్ని పిలిసినాడేటి? ఇంటోల్లకి పిలుపేటి? పిలుపు పైవోల్లకి."

ఆవిడకు ఎప్పటి నుంచో దాచుకున్న మాటలున్నట్టున్నాయి.

"నువ్వు తొలీత వచ్చిన్నాడు అడక్కుండా కాయ కోసి తినీసినావంట కదా. మా అత్త బయపడిపోనాది. మావయ్య ఏటన్నాడో ఎరుగుదువా? పైవోడైతే అడిగి కోత్తాడే, ఈ గుంటడు మనోడే, అన్నాడు. ఏటేటా కొత్త నాడు తడిక నువ్వొత్తావని తీసి ఉంచీవోడు. ఇంట్లో ఎందరముంటే అందరికీ ఒక తొన ఎక్కువ సూసీవోడు. ఈమధ్య తొమ్మండుగురం. పది సుక్కల పండు దొరికీదాకా ఆకలేసినా మాకెవులికీ పెట్టడు."

"ఆ పదో తొన ఏం చేసేవాడు?"

"దొప్పలో ఎట్టి గోడ మీదెట్టీవోడు. నువ్వు దగ్గి ఎల్లిపోతావు. గోరింకొచ్చి తినీది."

చేటలో రాయి ఒకటి ఏరి పారేసి మళ్ళీ తనే అంది. "ఓ ఏడు నానే అన్నాను, ఒక్క కేకెయ్యి మావయ్యా, వొచ్చీ బాబు వొచ్చీసినాడు కదా, అని. పిలిత్తే పైవోడైపోతాడే, అన్నాడు. ఆ మరుసటేడే నువ్వు తడిక కట్టీసి ఎల్లిపోనావు. ఆ పొద్దు మావయ్య తొన తిన్నేదు."

చేట మళ్ళీ ఆడింది. నేను లేచి వచ్చేశాను. లేచానని రాశాను కాని, నేను కూర్చోలేదు.

దారి పొడుగునా ఆలోచించాను. మా పల్లెలో పిలవకుండా తినడానికి వెళ్ళేవాడికి విలువ లేదు. ఈ సంగతి ఆయనకు తెలియదు. వాళ్ళింట్లో పిలిపించుకునేవాడు పరాయివాడు. ఆ సంగతి నాకు తెలియదు. సరే, ఇద్దరిలో ఎవరు చెప్పాలి? వయసులో పెద్ద ఆయన. ఇల్లు ఆయనది. పండు ఆయనది. ఏ రకంగా చూసినా చెప్పాల్సింది ఆయనే. ఈ విషయంలో నేను ఇప్పటికీ మెట్టు దిగను. కాని ఆ తాడు నేను బిగించి కట్టాను. రెండు ముళ్ళు వేశాను. అది కూడా నాకు గుర్తుంది, ఏం చెయ్యను.

ఈ చలికాలం తూర్పు కొమ్మ ఆలస్యంగా రంగెక్కింది. మొన్న లక్ష్మివారం మా ఆవిడతో పని ఉందని చెప్పలేదు. "కొత్తకు వెళ్తున్నాను," అన్నాను. "పిలిచారా?" అంది. "లేదు," అన్నాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

తడిక తీసే ఉంది. నేను దగ్గలేదు. లోపలికి వెళ్ళి తడిక మూశాను, ఈసారి లోపలి నుంచి. ఎవరూ తలెత్తలేదు, ఎవరూ రమ్మనలేదు, జరిగి కొంచెం చోటిచ్చారు. నేల మీద కూర్చున్నాను. ముసలావిడకు చుక్కలు ఆనడం లేదని పెద్దకోడలే తొడిమలు గిల్లింది. ఆరో పండుకు పది చుక్కలు దొరికాయి. ఇంట్లో వాళ్ళు ఎనిమిదిమంది. ఒక తొన ఆయన కోసం తూర్పు కొమ్మ చెట్టు మొదట్లో పెట్టింది. ఒకటి ఆకు దొప్పలో నా ముందు పెట్టింది.

నోట్లో వేసుకున్నాను. పుల్లగా ఉంది. బాగా పుల్లగా ఉంది. పందొమ్మిదేళ్ళ కిందట కోసుకు తిన్న కాయ ఎలా ఉందో అలాగే ఉంది. ఆయన మాట ఇచ్చాడు, దాని రోజుకు తగ్గుతుందని. నేను చెప్పడానికి తల తిప్పాను. చెట్టు మొదట్లో ఆయన తొన మీదకు అప్పుడే చీమలు ఎక్కుతున్నాయి.

"పులుపు తగ్గాలి," అన్నాను, అటు చూస్తూనే.

"తగ్గుద్ది. వొచ్చే ఏటికి తగ్గుద్ది," అంది పెద్దకోడలు, చేతులు కడుక్కుంటూ.

రమ్మని మాత్రం అనలేదు.